అన్నయ్య స్పోర్ట్స్ కారుకి వణుకు జబ్బు! చెన్నైలో నా అమెరికా స్కానర్ పరువు పోయింది

హాయ్ అండీ! "చెన్నై వెళ్లావు కదా, చీరల వీడియో పెట్టవే" అని నరసరావుపేట నుంచి పిన్ని మూడు రోజులుగా మెసేజ్‌లు. పెడతాను పిన్నీ. కానీ పోయినసారి చీరల కంటే నేను ఒహాయోలో బ్రేకులు మార్చిన వీడియోకే వ్యూస్ ఎక్కువ వచ్చాయి, నన్నేం చేయమంటావు?

ఇది అన్నానగర్‌లో మా అన్నయ్య వాళ్ల సెల్లార్. ఇదిగో అన్నయ్య ముద్దుల కూతురు, 1994 మాజ్దా మియాటా. రెండే సీట్లు, పైకప్పు వెనక్కి మడిచేయొచ్చు. ఎవరో విదేశం నుంచి తెప్పించుకున్నది, అన్నయ్య సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఎంతకో మాత్రం వదిన ముందు అనొద్దన్నాడు.

సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, దీనికి ఒళ్లంతా వణుకు. 850 దగ్గర నిలబడాల్సిన ఆర్‌పీఎం ముల్లు 500కి పడుతుంది, 1100కి ఎగురుతుంది. వేగం అందుకుంటే మాత్రం శుభ్రంగా పోతుంది. "అంతా ఈ ఇథనాల్ పెట్రోలు వల్లే" అని అన్నయ్య తీర్పు.

నేను సూట్‌కేసులోంచి స్కానర్ తీశాను. 30 డాలర్లు, మన 2,600. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఓబీడీ టూ అనే సాకెట్ తప్పనిసరి. గుచ్చితే కారే తన జబ్బు నంబర్లలో చెబుతుంది. స్టీరింగ్ కింద వెల్లకిలా పడుకుని టార్చితో తెగ వెతికాను. ఇది 1994 బండి, సాకెట్ ఉంటే కదా! వాచ్‌మన్ వచ్చి ఉంగరం పోయిందా అని అడిగాడు.

సరే, పాత పద్ధతి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి సిలిండర్‌కి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల వైర్లు ఒక్కొక్కటిగా ఊడదీశాను. ఊడదీస్తే వణుకు పెరగాలి. ఏ మార్పూ లేకపోతే ఆ సిలిండర్ ముందే పడుకున్నట్టు. నాలుగింటికీ పెరిగింది. అంటే నాలుగూ పనిచేస్తున్నాయి, తప్పు అందరికీ ఉమ్మడిది. ఎక్కడో గాలి లీకు. గొట్టాలన్నీ చూశాను, దొరకలేదు.

ఈ విద్య నాకు సరదాకి రాలేదండోయ్. అక్కడ మా దగ్గర గ్యారేజీలో గంటకు 150 డాలర్లు, 13 వేలు. అందుకని శనివారాలు షట్టర్ ఎత్తి నేనే చేసుకుంటాను. పక్కింటాయన చెయ్యి ఊపి లోపలికి పోతాడు. టార్చి పట్టుకునే మనిషి ఉండడు, నోట్లో కరుచుకుంటాను.

మర్నాడు పుదుపేట. ఎగ్మోర్ పక్కనే, పాత బండ్లు విప్పి పార్టులు అమ్మే వీధులు. బానెట్ ఎత్తామో లేదో నలుగురు వంగారు. ఒకాయన కాయిల్ అన్నాడు, ఒకాయన ప్లగ్గులు, ఒక పెద్దాయన దిష్టి. అడక్కుండానే ఒక కుర్రాడు టార్చి పట్టాడు. నేను ఊరికే ఆ కుర్రాడి చెయ్యి షూట్ చేస్తూ ఉండిపోయాను, సారీ, ఆ ముక్క కొంచెం ఎక్కువసేపు ఉంటుంది.

మెకానిక్ నా మాట విని, "మాకూ ఇంట్లో తెలుగే అక్కా, రాసేకి రాదు" అన్నాడు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, కార్బ్ క్లీనర్ అనే స్ప్రే తెచ్చి గొట్టాల మీద కొంచెం కొంచెంగా కొట్టాడు. లీకు ఉన్నచోట అది లోపలికి పోయి ఇంజిన్ వేగం మారుతుంది. ఇంజిన్ వేడిగా ఉంటే ఇది ఇంట్లో చేయకండి, అంటుకుంటుంది. ఇంజిన్ పైమూత (వాల్వ్ కవర్) నుంచి, గాలి లోపలికి పోయే దారి ఇన్‌టేక్‌కి వెళ్లే వేలెడు రబ్బరు గొట్టం, దాని అడుగున కొట్టగానే ముల్లు లేచింది. ఊడదీసి వంచితే పైన నున్నగా ఉంది, కింద చేపనోరులా తెరుచుకుంది.

గాలిని కొలిచే సెన్సర్ లెక్కలోకి రాని గాలి అందులోంచి దూరుతోంది. గాలికి తగ్గ పెట్రోలు పడటం లేదు. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, పీల్చేదే కాస్త గాలి, అందులో ఈ దొంగగాలి వాటా పెద్దది. వేగంలో ఆ వాటా లెక్కలోకే రాదు. "పెట్రోలు తప్పయితే రోడ్డు మీద కూడా వణకాలి కదా సార్" అన్నాడు మెకానిక్. అన్నయ్య టీ తాగుతున్నట్టు నటించాడు.

గొట్టం 120, కూలి 500. మొత్తం ఏడు డాలర్లు.

ముల్లు 850 మీద నిలబడింది. చెయ్యి తుడుచుకుంటూ మెకానిక్, "మంచి బండి సార్. ఎంతకి కొన్నారు?" అన్నాడు. అన్నయ్య నా ఫోన్ వంక చూశాడు. ఇక్కడ మ్యూట్ చేశాను వదినా.