సార్, రెండో స్టాంజా మళ్ళీ చదవండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు రాసి నాకో చీటీ ఇచ్చారు. నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ పేర్లన్నీ చదివేశారు, నాలుగోసారి చదివితే ఆ పెద్దలకే మొహమాటంగా ఉంటుంది. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం. నాకిచ్చిన టైం ఇరవై నిమిషాలు, ఇచ్చిన అంశం 'హైస్కూల్లో ఆంగ్ల సాహిత్య బోధన, నూతన పద్ధతులు'. చార్టులూ, గ్రూప్ వర్కూ, ప్రొజెక్టరూ, ఇవన్నీ ఈ ట్రైనింగ్‌లో మీకు చెప్పే ఉంటారు. నేను మాత్రం ఓ పాత సంగతి చెప్తాను, క్లాసులో నేనెలా దొరికిపోయానో.

ఇందాక మీ అందరికీ ఒక జెరాక్స్ కాగితం పంచారు, దాన్ని ఇప్పుడే చూడకండి.

ఉద్యోగంలో చేరిన రెండో నెల. తొమ్మిదో తరగతి. పాఠం అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ పద్యం 'ద రోడ్ నాట్ టేకెన్', అడవిలో రెండుగా చీలిన దారి దగ్గర నిలబడ్డ మనిషి గురించి రాసింది, మీ అందరికీ తెలిసిందే. నేను రాత్రి బాగా ప్రిపేరై వెళ్ళాను. అంటే గైడు చదివి వెళ్ళాను. పద్యం చదవలేదని కాదు, చదివాను, కానీ గైడు చదివాక పద్యం చదివాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. బోర్డు మీద పెద్దక్షరాలతో 'సందేశం: నలుగురూ నడవని దారిలో నడవండి' అని రాసి కింద రెండు గీతలు కూడా గీశాను. పిల్లలు రాసుకుంటున్నారు. నాకు చాలా తృప్తిగా ఉంది.

మూడో బెంచీలో ఒకమ్మాయి ఉండేది, రెండు నెలల్లో ఒక్కసారి నోరు తెరిచింది లేదు. ఆ అమ్మాయి చెయ్యెత్తి, "సార్, రెండో స్టాంజా మళ్ళీ చదవండి సార్" అంది. చదివాను. "ఇంకోసారి సార్." మళ్ళీ చదివాను. అప్పుడంది, "రెండు దారులూ ఇంచుమించు ఒకేలా అరిగి ఉన్నాయంటున్నాడు కదా సార్. ఆ తర్వాతేమో రెండింటి మీదా ఆకులు ఎవరూ తొక్కకుండా ఉన్నాయంటాడు. మరి తక్కువమంది నడిచిన దారి ఏది సార్?"

మీరైతే ఏం చెప్తారు? వెంటనే చెప్పకండి, ఆలోచించండి.

నేను చెప్పింది ఇది: "అది పరీక్షకి రాదు, కూర్చో."

కూర్చుంది. పుస్తకం అంచున పెన్సిల్‌తో ఏదో రాసుకున్నట్టుంది, దాన్ని రబ్బరుతో తుడిచి, పొట్టు ఊదేసి, బోర్డు మీదున్న వాక్యం ఎక్కించుకుంది. ఆ ఏడాది ఆ అమ్మాయి మళ్ళీ చెయ్యెత్తలేదు. ఎక్కడున్నా బాగానే ఉండి ఉంటుంది, నాకే ఆ రబ్బరు పొట్టు ఇంకా కళ్ళ ముందు కదులుతుంటుంది.

ఆ రాత్రి గైడు మూసి పద్యం చదివాను. అందులో ఆ అమ్మాయి చెప్పిందే ఉంది. చివరి స్టాంజాలో అయితే ఆ మనిషి, తక్కువమంది నడిచిన దారే పట్టానని ఎన్నో ఏళ్ళ తర్వాత ఓ నిట్టూర్పు విడిచి చెప్పుకుంటాను అంటాడు. ఇంకా జరగని మాట అది. అంటే తక్కువమంది నడిచిన దారి అనేది అతను ముందు ముందు చెప్పబోయే కథ, ఆ పొద్దున కంటికి కనిపించింది కాదు. పైగా పద్యం పేరు చూడండి, వెళ్ళని దారి పేరే పెట్టాడు. తర్వాత తెలుసుకున్నదేంటంటే, ఎడ్వర్డ్ థామస్ అని ఫ్రాస్ట్‌కి ఇంగ్లండులో ఒక స్నేహితుడు, ఇద్దరూ కలిసి తెగ నడిచేవాళ్ళు, ఏ దారిన వెళ్ళినా అయ్యో రెండో దారిన వెళ్ళాల్సిందని థామస్ నొచ్చుకునేవాడట. అతన్ని ఆటపట్టించడానికే 1915లో అచ్చయిన ఈ పద్యం మొదలైంది. నేనేమో దాన్ని గోడ మీద సూక్తి చేసేశాను.

మర్నాడు క్లాసుకెళ్ళి తప్పు ఒప్పుకున్నానా? లేదు. కొత్త టీచర్ని, పరువు ఒకటి ఏడ్చింది కదా! తర్వాతి పాఠం మొదలుపెట్టాను.

గైడ్లంటే నాకు పగేమీ లేదు. 1929లో ఐ.ఎ.రిచర్డ్స్ అనే ఇంగ్లీషు సాహిత్య విమర్శకుడు వేసిన పుస్తకం ఒకటుంది, కేంబ్రిడ్జ్ విద్యార్థులకి కవుల పేర్లు తీసేసి పద్యాలిచ్చి మీకేం అర్థమైందో రాయమన్నాడు. అంతటి వాళ్ళూ తడబడ్డారు, మామూలు అర్థం దగ్గరే బోర్లా పడ్డారు. కాబట్టి మీరు తడబడితే సిగ్గేమీ లేదు. కాకపోతే ముందు మీరు తడబడండి, ఆ తర్వాత గైడు తెరవండి. పద్యం మూడుసార్లు పైకి చదివి, అర్థం కానిచోటల్లా పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టండి. క్లాసులో అడగాల్సినవి ఆ ప్రశ్నలే. జవాబు తెలిసిన ప్రశ్నలడిగితే పిల్లలు మీ మొహం చూసి జవాబు చెప్తారు, పుస్తకం చూసి కాదు.

అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అని అమెరికాలో సైన్సు బోధన మీద పనిచేసినావిడ, క్లాసుల్ని టేపు చేసి విన్నారు. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను ఆగుతున్నారట. అదే 3 సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతున్నాయి, నోరు తెరవని పిల్లలు తెరుస్తున్నారు. సైన్సుకే 3 సెకన్లయితే, పద్యానికి ఇంకెంత కావాలి?

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోవాలి, టీచర్ల క్లాసులు చూసి ఫారం నింపే అబ్జర్వేషన్‌కి వెళ్ళేవాళ్ళు ఈ హాల్లో ఉంటే ఏమనుకోకండి. చాలా ఏళ్ళ తర్వాత, షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ చెప్తున్నాను. రాజుని చంపే ముందు మాక్‌బెత్ తన భార్యని అడుగుతాడు, మనం ఓడిపోతేనో అని. భార్య జవాబు రెండే మాటలు, 'వీ ఫెయిల్'. 1623 నాటి ముద్రణలో దాని చివర ప్రశ్న గుర్తుంది. సారా సిడన్స్ అనే గొప్ప నటి ఆ రెండు మాటల్నీ మూడు రకాలుగా పలికి చూసిందట. మొదట ఈసడింపుగా "ఓడిపోతామా?", తర్వాత ఆశ్చర్యంగా "మనమా, ఓడిపోవడమా!", చివరికి గొంతు తగ్గించి, "ఓడితే ఓడతాం." మూడూ పలికి చూపించి, మీరైతే ఎలా పలుకుతారని అడిగి ఊరుకున్నాను. అంతా నిశ్శబ్దం. వెనక బెంచీలో ఫారం పట్టుకుని కూర్చున్నాయన వాచీ చూసుకున్నారు. ఏదో రాయడం మొదలుపెట్టారు. అప్పుడొక కుర్రాడు నెమ్మదిగా, "ఓడిపోవడం అన్న మాట ముందు ఆయనే అన్నాడు సార్. ఆ మాట ఆవిడది కాదు. తీసుకో నీ మాట అని తిరిగిచ్చేసింది" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. ఆయన తలెత్తలేదు. ఫారంలో రాసింది తర్వాత చూశాను: 'కొంతసేపు బోధన జరగలేదు.'

ఆ ఫారంలో నిశ్శబ్దానికి గడి లేదు మరి. ఉన్న గడులు నింపడానికి మీరూ గబగబా మాట్లాడేస్తారు, తెలుసు నాకు, ఉద్యోగం కాబట్టి. అలాంటి రోజున మాట్లాడండి, తప్పులేదు. మిగతా రోజులున్నాయి కదా. ఎవరైనా మూడో బెంచీలోంచి చెయ్యెత్తితే, తెలియకపోతే తెలియదనండి, రేపు చూసి చెప్తాననండి. మర్నాడు చెప్పండి కూడా.

చీటీ వచ్చేసింది, రెండే నిమిషాలట. సరే, ఇప్పుడు ఆ జెరాక్స్ తీయండి. ఫోన్లు లోపల పెట్టండి బాబూ. మూడో వరసలో చివర కూర్చున్నమ్మా, మీరే, రెండో స్టాంజా పైకి చదవండి. తొందరేం లేదు.