జడ ముడిచినా అభ్యంతరమేనా?

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికాలో డిమెన్షియా అనే మతిమరుపు జబ్బుతో బాధపడే వృద్ధులను కేర్ హోమ్‌లలో చూసుకొనే వారిలో నల్లజాతి మహిళలు చాలామంది ఉన్నారు. వారి జడలకు ‘పద్ధతిగా లేవు’ అన్న మాట పడుతోంది. న్యాయవాది గారూ, ఇది వివక్ష కిందికి రాదా?

న్యాయవాది: రాదనే కోర్టులు చాలాకాలం అన్నాయి. 2010లో అలబామాలోని మొబీల్‌లో చాస్టిటీ జోన్స్ అనే యువతికి ఉద్యోగం ఇస్తామన్న సంస్థ, ఆమె తన డ్రెడ్‌లాక్స్ (తాళ్లలా పేనుకున్న జడలు) తీసివేయడానికి ఒప్పుకోకపోవడంతో ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆమె పక్షాన సమాన ఉపాధి అవకాశాల కమిషన్ దావా వేస్తే, 2016లో 11వ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, జుట్టును ఏ తీరులో ఉంచుకుంటారన్నది మార్చుకోగలిగిన విషయం కనుక చట్టరక్షణ ఉండదని తీర్పు చెప్పింది. ఆ తర్కం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చుట్టలు తిరిగిన జుట్టును సాఫీగా మార్చాలంటే మందులకో, వేడి దువ్వెనకో తల అప్పగించాలి. 2019లో కాలిఫోర్నియా, జుట్టు తీరును బట్టి వివక్ష చూపకూడదనే క్రౌన్ చట్టం తెచ్చి, బ్రెయిడ్స్ (అల్లిన జడలు), లాక్స్ (డ్రెడ్‌లాక్స్), ట్విస్ట్స్ (మెలిపెట్టిన పాయలు) వంటివి జాతి లక్షణాలలో భాగమేనని నిర్వచించింది. చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి గానీ, దేశమంతటికీ వర్తించే బిల్లు 2022లో ప్రతినిధుల సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది.

వ్యాఖ్యాత: రోగుల భద్రత కోసమే ఈ నియమాలని యాజమాన్యాలు అంటాయి. మీరు నర్సుగా పనిచేశారు కదమ్మా, ఆ వాదనలో నిజమెంత?

నర్సు: కొంత నిజముందండి. వేలాడే జుట్టు అన్నంలోనో, పుండు మీదో పడకూడదు. కంగారులో ఉన్న రోగి చేతికందినదాన్ని పట్టి లాగడమూ ఉంటుంది. కాబట్టి జుట్టు వెనక్కి కట్టి ముడిచి ఉంచమనడం న్యాయమే, అయితే అది అందరికీ ఒకటిగా ఉండాలి. క్రౌన్ వంటి చట్టం లేని రాష్ట్రంలో నేను పనిచేసిన హోమ్‌లో, సన్నటి జడలన్నిటినీ కలిపి గట్టిగా కొప్పు చుట్టుకొని వచ్చిన తోటి ఉద్యోగిని పిలిచి జడలు విప్పేసి రమ్మన్నారు. ఆ గదిలోనే పోనీటెయిల్ భుజం మీద ఊగుతున్న మరొక అమ్మాయిని ఏమీ అనలేదు.

వ్యాఖ్యాత: జడలు చూసి రోగులు బెదురుతారన్న మాట కూడా వింటున్నాం.

నర్సు: ఎవరో ఒకరు బెదరవచ్చు, నోటికి వచ్చిన మాట అననూవచ్చు. జబ్బు వల్ల వచ్చే ఆ మాటను నేర్పుగా దాటించాలి గానీ, దాన్నే నియమంగా రాసి ఉద్యోగి నెత్తిన పెట్టకూడదు. పైగా ఆఫ్రికన్ అమెరికన్ వృద్ధులకు డిమెన్షియా ముప్పు శ్వేతజాతి వారికంటే దాదాపు రెట్టింపు. వారి సంగతి ఎవరూ అడగరేం? మా హోమ్‌లో ఒక నల్లజాతి టీచరుగారు ఉండేవారు. చుట్టల జుట్టులో మాడున సహజంగా ఊరే నూనె కొసల దాకా దిగదు, అది త్వరగా ఎండిపోతుంది. అందరితో పాటు ఆవిడకూ రోజూ తలరుద్దడంతో జుట్టు అట్టకట్టింది, దువ్వెన చూస్తేనే చేతులు అడ్డం పెట్టుకొనేవారు. వేళ్లతో చిక్కు తీసి, పాపిడి పాపిడికీ నూనె రాసి, రాత్రి శాటిన్ టోపీ పెట్టడం తెలిసినది ఆ జడల అమ్మాయికి ఒక్కతికే. ఆమె మాడు తాకితే టీచరుగారు కళ్లు మూసుకొని తల వాల్చేవారు.

వ్యాఖ్యాత: మన ఇళ్లలో తలకు నూనె పెట్టించుకొన్న వారందరికీ ఆ హాయి తెలుసు. అక్కడ అల్లే జడలలో కలిపే కొన్ని సవరాల వెనుక తిరుమల కల్యాణకట్టలో సమర్పించి, వేలంలో అమ్మిన తలనీలాలూ ఉన్నాయి. ఇంతకూ ఆ హోమ్‌లో నియమం మారిందా?

నర్సు: నేనున్నంతకాలం మారలేదు. ఆ అమ్మాయి జడలు విప్పలేదు, ఉద్యోగం మానుకొంది. వెళ్లే ముందు నన్ను రెండు సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకొని, కొసల నుండి మాడు వైపుకు చిక్కు ఎలా తీయాలో నేర్పింది. నేను దాన్ని టీచరుగారి కేర్ ప్లాన్‌లో, మందుల వివరాల కిందనే రాసిపెట్టాను.