చివరి 14 సెకన్లు: డల్లాస్ అభిమానుల తెగని పంచాయితీ

[తెర మీద: గడియారం 0:14. పక్కన స్కోరు: శాన్ ఫ్రాన్సిస్కో 23, డల్లాస్ 17]

అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. ఇంకా పద్నాలుగు సెకన్లున్నాయి. గడియారం ఆపుకునే టైమౌట్లు అయిపోయాయి. ఆరు పాయింట్లు వెనక. బంతి ఎదుటి జట్టు 41 యార్డుల గీత దగ్గరుంది, అంటే గోల్ గీతకు ఇంకా 41 యార్డులు. టచ్‌డౌన్ కొట్టి (బంతిని గోల్ గీత దాటిస్తే ఆరు పాయింట్లు), పైన ఒక పాయింటు తెచ్చే ఆ ఒక్క కిక్కు కూడా పడితే మ్యాచ్ డల్లాస్‌ది. అలాంటి సమయంలో, పాస్‌లు విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ బంతి విసరలేదు. చంకలో పెట్టుకుని తనే పరిగెత్తాడు.

2022 జనవరి 16, ఆదివారం. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్, ఏటీ అండ్ టీ స్టేడియం. అమెరికాలో ఈ ఆటకు పెద్ద లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో, ఓడితే ఇంటికే అనే ప్లేఆఫ్స్ మొదటి రౌండు. డల్లాస్ కౌబాయ్స్, శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్. ఆ పరుగు తెలివైనదా, తలతిక్కదా అని డల్లాస్ వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ ఊళ్లో మనవాళ్లూ తక్కువేం కాదు. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో, కాపెల్ ఎటు వెళ్లినా తెలుగు వినబడుతుంది. కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, ప్రాక్టీస్ మైదానం ఉన్నది ఆ ఫ్రిస్కోలోనే. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు డాక్ నంబరైన నాలుగో నంబరు జెర్సీ వేసుకుని బడికెళతారు. ఆదివారం భోజనాల దగ్గర అమ్మానాన్నలకు ఏమీ అర్థం కాదు, పిల్లలు మాత్రం అరుచుకుంటుంటారు. ఈ వీడియో ముందుగా ఆ అమ్మానాన్నల కోసం.

[తెర మీద: మైదానం పైనుంచి. 41 దగ్గర నీలం గుర్తు, గోల్ గీత దాకా బాణం]

ముందు గడియారం సంగతి చూద్దాం, ఎందుకంటే గొడవంతా దాని చుట్టూనే. క్రికెట్ చివరి ఓవర్లో ఎంతసేపు ఆలోచించినా ఆరు బంతులు ఆరుగానే ఉంటాయి. ఇక్కడ ఆలోచిస్తున్నంతసేపూ గడియారం తిరుగుతూనే ఉంటుంది. పాస్ నేలపాలైతే ఆగుతుంది. బంతి పట్టుకున్నవాడు గీత దాటి బయటికి వెళితే ఆగుతుంది. మైదానం లోపలే పడిపోతే మాత్రం ఆగదు. అప్పుడు మిగిలేది ఒకటే దారి: అందరూ పరిగెత్తుకొచ్చి వరసలో నిలబడాలి, క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని వెంటనే నేలకేసి కొట్టాలి. దీన్నే స్పైక్ అంటారు. ఒక అవకాశం పోతుంది కానీ గడియారం ఆగుతుంది.

ఇక ఆ రోజు జరిగింది. 32 సెకన్లుండగా డల్లాస్‌కి బంతి వచ్చింది, అదీ తమ 20 యార్డుల గీత దగ్గర. అక్కణ్ణుంచి 18 సెకన్లలో 39 యార్డులు లాగారు. ఆ కాసేపు డాక్ ప్రెస్కాట్ ఆడిన ఆటకు వంక పెట్టేవాడు లేడు. ఫార్టీనైనర్స్ డిఫెన్స్ ఏం చేసిందంటే, లోతుగా వెనక్కి జరిగి రెండు అంచులకూ కాపలా కాసింది. పాస్ పట్టినవాణ్ణి బయటికి వెళ్లనివ్వకూడదని. దాంతో నడిమధ్య ఖాళీ. కౌబాయ్స్ కోచ్‌లు ఆ ఖాళీ చూశారు. డాక్ పాస్ వేస్తున్నట్టు రెండడుగులు వెనక్కి వేసి మధ్యలోంచి దూసుకెళ్లాలి. పదిహేను, ఇరవై యార్డులు దొరకగానే జారి కూర్చోవాలి, స్పైక్ కొట్టాలి. ఆపైన దగ్గర్నుంచి ఎండ్ జోన్‌లోకి, అంటే గోల్ గీత అవతలికి, ఒక్క పాస్. ఇదీ లెక్క.

[తెర మీద: అదే ఆట, నెమ్మదిగా. అంపైర్ చుట్టూ పసుపు వలయం]

ఇక్కడ నిదానంగా చూడండి. డాక్ 17 యార్డులు పరిగెత్తి 24 దగ్గర జారాడు. ఇంకా సెకన్లు మిగిలే ఉన్నాయి. లేచి బంతిని, ప్రతి ఆటకూ దాన్ని వెనక్కి అందించే సెంటర్ టైలర్ బియాడాష్ చేతికిచ్చాడు. బియాడాష్ దాన్ని నేల మీద పెట్టి వంగున్నాడు. మిగతావాళ్లూ వచ్చేశారు. అయితే ఎన్ఎఫ్ఎల్ నియమం ప్రకారం బంతి ఎక్కడుండాలో ఆటగాళ్లు నిర్ణయించకూడదు. ప్రతి ఆట తర్వాతా అధికారి బంతిని ముట్టి దాని చోట్లో పెట్టాలి. ఆ పని చెయ్యాల్సిన అంపైర్ వెనకాల నుంచి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. దారిలో డాక్ నిలబడి ఉన్నాడు. అతన్ని రాసుకుంటూ ముందుకెళ్లి, చెయ్యి చాచి బంతి సరిచేశాడు. డాక్ అందుకుని నేలకేసి కొట్టేసరికి గడియారంలో సున్నాలు. అయిపోయింది. ఎండ్ జోన్‌లోకి వెయ్యాల్సిన ఆ ఒక్క పాస్ వెయ్యకుండానే ఏడాది కష్టం మట్టిలో కలిసింది.

స్టేడియంలో జనం అధికారుల మీదికి చేతికందినవి విసిరారు. మ్యాచ్ తర్వాత డాక్‌కి మొదట తన జట్టువాళ్ల మీద విసిరారనిపించి తప్పుపట్టాడు. కాదు, అధికారుల మీద అని విలేకరులు చెబితే, అలాగైతే మెచ్చుకోవాల్సిందే అన్నట్టు మాట్లాడాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు, లీగ్ 25 వేల డాలర్ల జరిమానా వేసింది. అప్పటి హెడ్ కోచ్ మైక్ మెకార్తీ మాత్రం ఆ నిర్ణయం సరైనదేనని నిలబడ్డాడు.

నా మాట చెబుతాను. పరుగు ఆలోచన తప్పు కాదు. నడుమ దారి నిజంగానే ఖాళీగా ఉంది. 41 నుంచి వేసే గుడ్డి పాస్ కన్నా 24 నుంచి వేసే పాస్ చాలా నయం. తప్పు ఎక్కడంటే రెండు చోట్ల. ఒకటి, డాక్ కాస్త ముందే జారి కూర్చోవాల్సింది. పది యార్డులు తక్కువైనా పోయేదేం లేదు, రెండు సెకన్లు మిగిలేవి. రెండు, బంతిని సెంటర్‌కి కాదు, వెతుక్కుని మరీ అధికారికే ఇవ్వాలి. ఇది కాలేజీ స్థాయి నుంచీ నూరిపోసే సంగతి. కాబట్టి అంపైర్‌ని తిట్టడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే. తన దారిలో అడ్డున్నవాళ్లను దాటుకుని ఆయన తన పని చేశాడు.

కానీ నా అసలు బాధ ఇది కాదు. పద్నాలుగు సెకన్ల గురించి ఇంత పోట్లాడుకునేవాళ్లు అంతకుముందు గడిచిన యాభై తొమ్మిది నిమిషాల పైచిలుకు ఆటను మర్చిపోతారు. ఓటమి అక్కడుంది.

[తెర మీద: స్కోరు క్రమం. 0-7, 0-13, 7-16 సగం ఆట, 7-23]

ఆ సీజన్లో లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు కొట్టిన జట్టు కౌబాయ్స్. 12 గెలిచి 5 ఓడి తమ డివిజన్ (నాలుగు జట్ల గుంపు) గెలుచుకున్నారు. అలాంటి జట్టు సొంత గడ్డ మీద మొదటి సగంలో ఏడు పాయింట్లతో సరిపెట్టుకుంది. మొత్తం ఆటలో 14 పెనాల్టీలు, వాటితో పోయినవి 89 యార్డులు. కాస్త ముందుకు వెళ్లడం, తప్పు చేశారని అధికారి జెండా పడటం, వెనక్కి రావడం. నాలుగో క్వార్టర్లో పంట్ (బంతిని ఎదుటి జట్టుకి దూరంగా తన్నేయడం) కొడుతున్నట్టు నటించి పంటర్ బ్రయాన్ యాంగర్ చేత పాస్ వేయించారు, అది పారింది కూడా. స్టేడియం లేచి నిలబడింది. ఆ వెంటనే ఎవరు ఉండాలి, ఎవరు వెళ్లాలి అనే గందరగోళంలో సమయం దాటిపోయి ఆలస్యం పెనాల్టీ! అంత మంచి ఎత్తు వేసి దొరికిన ఊపును అయిదు నిమిషాలు కూడా నిలుపుకోలేకపోయారు. ఇది క్వార్టర్‌బ్యాక్ ఒక్కడి మీద వెయ్యాల్సిన భారం కాదు, కోచ్‌లది.

అయితే డాక్‌ని పూర్తిగా వెనకేసుకొచ్చేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. మూడో క్వార్టర్లో అతను విసిరిన పాస్‌ని క్వాన్ విలియమ్స్ మధ్యలో దూరి అందుకున్నాడు. బంతి డల్లాస్ 26 దగ్గర ఫార్టీనైనర్స్ చేతికొచ్చింది. తర్వాతి ఆటలోనే డీబో సామ్యూల్ ఆ 26 యార్డులూ పరిగెత్తి టచ్‌డౌన్. 16-7 కాస్తా 23-7. చివరికి తేడా ఎంత? ఆరు. ఆ ఏడు పాయింట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో లెక్క వేసుకోండి.

ఆ రోజు డాక్ అంకెలు: 43 పాస్‌లు విసిరితే 23 చేరాయి, 254 యార్డులు, ఒక టచ్‌డౌన్ పాస్, ఒక ఇంటర్‌సెప్షన్ (ఎదుటి జట్టు అందుకున్న పాస్). తనే పరిగెత్తి కొట్టిన టచ్‌డౌన్ ఇంకొకటి. అయిదుసార్లు బంతితో సహా పడగొట్టారు. జట్టులో పాస్‌లు పట్టే రిసీవర్లలో అందరికన్నా పదునైన సీడీ ల్యాంబ్‌కి రోజంతా చేరిన పాస్ ఒకే ఒక్కటి, 21 యార్డులు. ఈ చివరి అంకెను నేను మింగలేను. అంతటి ఆటగాడికి బంతి ఎందుకు చేరలేదు? డాక్ ముందు కాపలాగా ఉండే అయిదుగురి లైన్ నిలబడలేదు కాబట్టి అతనికి చూసే వ్యవధి లేదని ఒక వాదన. వ్యవధి ఉన్నప్పుడు కూడా మొదటి మనిషి మీద నుంచి చూపు మళ్లించలేదని ఇంకో వాదన. వీడియో మళ్లీ మళ్లీ చూస్తే రెండింటికీ సాక్ష్యం దొరుకుతుంది. అందుకే ఈ పంచాయితీ తెగదు. ఫార్టీనైనర్స్ డిఫెన్స్‌లో మేటి నిక్ బోసా తలకి దెబ్బ తగిలి మొదటి సగంలోనే బయటికి వెళ్లిపోయాడు. అయినా ఒత్తిడి తగ్గలేదు. అంటే డల్లాస్ లైన్ బోసా ఒక్కడికే కాదు, అందరికీ లొంగింది.

[తెర మీద: డాక్ ప్రెస్కాట్, 2016]

అసలు ఈ ఒక్క మనిషి మీద ఇంత ఆశ ఎందుకో కొంచెం వెనక్కి వెళ్లాలి. కౌబాయ్స్ చివరిసారి సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచింది 1996 జనవరిలో. అప్పటినుంచి ఆ ముందు మెట్టు, కాన్ఫరెన్స్ ఫైనల్, కూడా ఎక్కలేదు. 2016లో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మిసిసిపి స్టేట్ యూనివర్సిటీ నుంచి నాలుగో రౌండ్‌లో, 135వ ఆటగాడిగా డాక్‌ని తీసుకున్నారు. అప్పటి క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో నడుముకి దెబ్బ తగలడంతో అనుకోకుండా పగ్గాలు చేతికొచ్చాయి. మొదటి ఏడే 13 గెలుపులు. ప్లేఆఫ్స్‌లో గ్రీన్ బే చేతిలో 34-31 ఓటమి, అదీ ఆఖరి క్షణాల్లో మేసన్ క్రాస్బీ 51 యార్డుల నుంచి కొట్టిన కిక్కుతో. అప్పుడు ఎవరూ డాక్‌ని ఒక్క మాట అనలేదు. కుర్రాడు, ఇంకా బోలెడు కాలం ఉంది అనుకున్నారు. 2020లో చీలమండ విరిగి, ఎముక బయటికొచ్చింది. అంత దెబ్బ తిని మళ్లీ నిలబడ్డవాణ్ణి చూసి గౌరవం పెరిగింది.

ఆ గౌరవం మీద దెబ్బ మీద దెబ్బ పడింది. 2023 జనవరిలో టాంపా బేని 31-14తో చిత్తు చేసి, అయిదు టచ్‌డౌన్లలో చెయ్యేసి, పండగ చేసుకునే లోపే తర్వాతి వారం మళ్లీ ఫార్టీనైనర్స్. 19-12 ఓటమి, రెండు ఇంటర్‌సెప్షన్లు. ఈ మ్యాచ్‌లో నేను డాక్‌ని వెనకేసుకురాను. డిఫెన్స్ 19 పాయింట్లకే కట్టడి చేసి ఇచ్చింది. క్వార్టర్‌బ్యాక్ నిలబెట్టాల్సిన మ్యాచ్ అది, నిలబెట్టలేదు. ఆ పై ఏడాది ఇంకా దారుణం. 2023 సీజన్లో లీగ్‌లోకెల్లా ఎక్కువగా 36 టచ్‌డౌన్ పాస్‌లు, ఎంవీపీ (ఏడాది మేటి ఆటగాడు) ఓటింగ్‌లో రెండో స్థానం, సొంత స్టేడియంలో వరసగా 16 గెలుపులు. తీరా 2024 జనవరి 14న అర్హత వరసలో ఆఖరిదైన ఏడో సీడ్ గ్రీన్ బే వచ్చి సగం ఆట కూడా ముగియకముందే 27-0 చేసింది. అందులో ఏడు పాయింట్లు డాక్ పాస్‌ని డార్నెల్ శావేజ్ లాక్కుని నేరుగా ఎండ్ జోన్‌లోకి పట్టుకుపోయినవి. చివరికి 48-32. డాక్ పేరున 403 యార్డులు, మూడు టచ్‌డౌన్లు కనిపిస్తాయి, కానీ అందులో చాలా భాగం ఆట చేజారాక వచ్చినవే. స్కోరు బోర్డు చూసి "బాగానే ఆడాడుగా" అనేవాళ్లు ఆ సంగతి గమనించాలి.

[తెర మీద: 240 మిలియన్ డాలర్లు, 4 ఏళ్లు]

2024 సెప్టెంబర్‌లో, ఆ సీజన్లో కౌబాయ్స్ మొదటి మ్యాచ్ ఆడిన రోజే, డాక్‌తో నాలుగేళ్లకు 240 మిలియన్ డాలర్ల ఒప్పందం. ఏడాదికి సగటున 60 మిలియన్లు, ఎన్ఎఫ్ఎల్‌లో అంతకుముందు ఎవరికీ లేని సగటు. వాదన రంగు అప్పుడు మారింది. ఈ లీగ్‌లో యజమాని జెర్రీ జోన్స్‌కి ఎంత డబ్బున్నా జట్టు మీద ఖర్చుకి హద్దుంది. ఆ ఏడాది ఒక్కో జట్టు జీతాల పరిమితి 255.4 మిలియన్లు. ఒప్పందాన్ని ఏళ్ల మీద అటూ ఇటూ సర్దినా, ఒకరికి పెరిగితే ఇంకెక్కడో తగ్గాలి. లైన్‌లో మంచి గార్డ్, డిఫెన్స్‌లో మంచి లైన్‌బ్యాకర్ చేజారిపోతారు. అందుకే "డాక్ మంచి క్వార్టర్‌బ్యాకా?" అనే ప్రశ్న నా దృష్టిలో ఎప్పుడో తీరిపోయింది. మంచివాడే. తీరని ప్రశ్న వేరు: అంత జీతం అతనికిచ్చాక, అతని ముందు నిలబడే అయిదుగురికి ఏం మిగిలింది? పద్నాలుగు సెకన్ల పరుగు గురించి వాదించుకునేవాళ్లలో దీని గురించి మాట్లాడేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా కనబడరు.

ప్లేఆఫ్స్‌లో డాక్ ఖాతా రెండు గెలుపులు, అయిదు ఓటములు. ఈ అంకెను మొహాన కొట్టి వాదన ముగించేవాళ్లున్నారు. ఆ అయిదింటిలో మొదటిది ఓ కిక్కు దూరంలో పోయింది, మూడోది మనం ఇంతసేపూ చూసింది, నాలుగోది అతని చేతులారా పోయింది. అన్నింటినీ ఒకే గాటన కడితే ఆట అర్థం కాదు.

[తెర మీద: లైన్‌మెన్ అయిదుగురు, పైనుంచి]

ఈసారి మీ పిల్లల పక్కన కూర్చుని చూసేటప్పుడు మూడో డౌన్ (నాలుగు అవకాశాల్లో మూడోది) రాగానే బంతి వెంట కళ్లు పెట్టకండి. క్వార్టర్‌బ్యాక్‌కి ఎడమవైపు చివర నిలబడే ఎత్తయిన మనిషిని, లెఫ్ట్ టాకిల్‌ని చూడండి. అతను ఎదుటివాణ్ణి ఆపాడా, వెనక్కి నెట్టించుకున్నాడా చూశాక క్వార్టర్‌బ్యాక్ తల ఎటు తిరిగిందో చూడండి. ఒకవైపే ఉండిపోయిందా, రెండోవైపు మళ్లిందా? లైన్ నిలబడి, తల మళ్లకుండా పాస్ తప్పిపోతే ఆ తప్పు విసిరినవాడిదే, మొహమాటం లేకుండా అనండి. లైన్ కూలిపోయి అతను నేల మీదుంటే మీ పిల్లలతో ఆ సంగతి చెప్పండి. ఎన్నాళ్లుగానో చూస్తున్న వాళ్ల మేనమామ కన్నా మీ మాటకే ఆ రోజు విలువ ఎక్కువుంటుంది.