కథ చదివితే క్లాసంతా వాడివైపే తిరిగింది

(హైదరాబాద్ శ్రోతల కోసం సాయంత్రం ఫోన్-ఇన్. ఈ వారం అంశం: బడిలో కథల పుస్తకాలు, అందరినీ కలుపుకోవడం. సలహాలిస్తున్నది ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి రిటైరైన ఒక ఉపాధ్యాయురాలు.)

యాంకర్: నమస్కారం. లైన్లు అప్పుడే నిండిపోయాయి, ఉపోద్ఘాతం పెట్టుకోవట్లేదు. ఒకటే మనవి. స్కూలు పేరు, పిల్లల పేర్లు చెప్పొద్దు, ఏరియా చాలు. హలో, ఎక్కడి నుంచి?

శ్రోత: కుషాయిగూడ నుంచండీ. ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి టీచర్ని. జూన్‌లో మా క్లాసులో ఒక బాబు చేరాడు. సెరిబ్రల్ పాల్సీ. వాకర్ పట్టుకుని నడుస్తాడు, మాట కొంచెం ముద్దగా వస్తుంది. మిగతా పిల్లలకి అర్థమవ్వాలని కాళ్లు లేని అబ్బాయి కథ ఒకటి వెతికి తెచ్చి చదివాను. చదువుతుంటే క్లాసంతా మెడలు తిప్పి వాడినే చూసింది మేడమ్. అయిపోయాక ఒకడు లేచి "పాపం కదా టీచర్" అన్నాడు. ఇప్పుడు లైబ్రరీ పీరియడ్ అంటే చాలు, వాడికి కడుపునొప్పి.

అతిథి: రాక ఏం చేస్తుందమ్మా! పుస్తకం తెచ్చింది మిగతా పిల్లల కోసం. చదివింది మాత్రం వాడి మీద. కథలో వాడు ఏం చేశాడు?

శ్రోత: అంటే... కష్టాలు పడ్డాడు. చివరికి అందరూ మెచ్చుకున్నారు.

అతిథి: అల్లరి చేశాడా? అబద్ధమాడాడా? ఎవరితోనైనా పందెం కాశాడా?

శ్రోత: లేదండీ. చాలా మంచివాడు.

అతిథి: అదీ సంగతి. కష్టపడ్డం, మంచిగా ఉండటం తప్ప ఇంకే పనీ లేని పిల్లాడిని చూసి పిల్లలు "పాపం" అనకపోతే ఏమంటారు? "రైలుబడి" దొరుకుతుందేమో చూడండి. తెత్సుకో కురొయనాగి జపాన్‌లో 1981లో అచ్చేసిన తొత్తోచాన్ పుస్తకానికి తెలుగు. తొత్తోచాన్ అనే చిన్నపిల్ల, ఆమె చదివిన తోమొయే అనే చిన్న బడి కథ. అందులో పోలియో వచ్చిన యసువాకి అనే అబ్బాయిని తొత్తోచాన్ తన చెట్టు ఎక్కడానికి పిలుస్తుంది. ఇంట్లో చెప్పకుండా, సెలవుల్లో. ముందు ఒక నిచ్చెన తెస్తుంది, కుదరదు. తర్వాత రెండు వైపులా కాళ్లుండి తనంతట తానే నిలబడే నిచ్చెన ఈడ్చుకొస్తుంది. చెమటలు కక్కుతూ పైకి లాగుతుంది. అక్కడ జాలికి చోటేదీ? పిల్లలకి ఊపిరాడదు, ఎక్కుతాడా పడతాడా అని.

శ్రోత: అది చదివినా మళ్లీ వాడివైపే చూస్తారేమో మేడమ్.

అతిథి: వెంటనే చదవకండి. ఒక నెల దొంగల కథలు, దయ్యాల కథలు చదవండి. వాటి మధ్యలో ఇదొకటి రావాలి. చదివాక "అతనికి ఎలా అనిపించి ఉంటుంది" అని మాత్రం అడగొద్దు, దయచేసి. మన టీచర్లకి అదొక అలవాటు. నిచ్చెన గురించి అడగండి. మొదటిది ఎందుకు పనికిరాలేదు? రెండోది ఎందుకు పనికొచ్చింది? అక్కణ్నుంచి మీ బడికి రండి. మోకాళ్లనొప్పులున్న నానమ్మ పేరెంట్స్ మీటింగ్‌కి పై అంతస్తు ఎక్కగలదా? చెయ్యి విరిగి కట్టు కట్టుకున్న పిల్ల బాత్రూం గడియ తీయగలదా? ఆ మెట్లు కట్టిందెవరు, మార్చాల్సిందెవరు? అప్పుడు ఎవరూ ఎవరివైపూ తిరగరు, గోడల వైపు తిరుగుతారు.

అదే పుస్తకంలో ఆటల పోటీ కూడా ఉంది. తకహాషి అని పొట్టిగా, ఎదుగుదల ఆగిపోయిన పిల్లాడు. అన్ని పోటీల్లో వాడే గెలుస్తాడు. ఎందుకంటే వాడి ఒంటికి తగ్గట్టు హెడ్‌మాస్టరే ఆ ఆటలు కనిపెట్టాడు. ప్రైజులేమో కూరగాయలు! ఆ ముక్క చదివి, మీ స్పోర్ట్స్‌డేకి మూడు కొత్త ఆటలు మీ క్లాసునే కనిపెట్టమనండి.

శ్రోత: బాబుకి సారీ చెప్పించాలా, పాపం అన్నవాడితో?

అతిథి: అందరి ముందా? వద్దే వద్దు. ఈ బాబుని లైబ్రరీకి పది నిమిషాలు ముందు పిలిచి, వచ్చేవారం క్లాసుకి ఏం చదవాలో వాడినే ఎంచమనండి. వాడు వేటగాడి కథ ఎంచినా సరే. ఇంకోటి, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ గుర్తింపున్న ప్రతి బడీ ఇలాంటి పిల్లలకి అందుబాటులో ఉండాలి. ర్యాంపు అడగడం మీ మొహమాటం సంగతి కాదు. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి రిసోర్స్ పర్సన్‌తో ఒకసారి మాట్లాడండి.

యాంకర్: మణికొండ లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

శ్రోత: నమస్తే అండీ. నాకు చిన్న అభ్యంతరం. మా పాప మూడో తరగతి. స్కూల్లో కులం గురించి ఏదో కథ చదివారట. ఇంటికొచ్చి "నాన్నా, మనమేంటి?" అంది. అప్పటిదాకా ఆ మాటే తెలీదండీ దానికి. తెలియని పిల్లలకి మనమే నేర్పుతున్నట్టు కాదా?

అతిథి: మీరేం చెప్పారు సార్?

శ్రోత: అవన్నీ నీకెందుకమ్మా, మనమంతా మనుషులం అన్నాను.

అతిథి: ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. మీ ఇంట్లో పనిచేసే ఆవిడకి టీ ఏ గ్లాసులో ఇస్తారు?

శ్రోత: ...అది మా అమ్మగారి పద్ధతండీ.

అతిథి: ఎవరి పద్ధతైనా, పాప చూస్తోంది కదా. పేరు తెలీదు, పద్ధతి తెలుసు. క్లాసులో కూడా అంతే. టిఫిన్ బాక్సు తెరవగానే వాసన పట్టి "ఛీ, ఏంటిది" అనేవాళ్లకి మూడో తరగతి చాలు. కులం తెలియకుండా పెరిగే వీలు కొందరు పిల్లలకే ఉంది సార్. మిగతావాళ్లకి ఎవరో ఒకరు ముందే చెప్పేస్తారు, అదీ తిట్టు రూపంలో.

శ్రోత: ఒప్పుకుంటాను. కానీ ఏడిపించే కథలు చెప్తే పిల్లలు భయపడరా?

అతిథి: ఆ మాట మీద నేను మీవైపే. కులం మీద కథ అనగానే దెబ్బలు, నీళ్లబావి, కన్నీళ్లు. అవి అబద్ధాలని కాదు, కానీ అవొక్కటే చదివితే దళిత పిల్లలంటే దెబ్బలు తినేవాళ్లనే బొమ్మ పడుతుంది. మన హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008 ప్రాంతంలో "డిఫరెంట్ టేల్స్" అని పిల్లల పుస్తకాలు తెచ్చింది. తెలుగులో కూడా వచ్చాయి. ఖదీర్‌బాబు గారి తలకాయ కూర కథ అందులోదే. గోగు శ్యామల గారి కథలూ ఉన్నాయి, మాదిగవాడ, మన తెలంగాణ మాట, గట్టి ఆడపిల్లలు. కూర వాసన మీద ముక్కు మూసుకునే క్లాసుకి తలకాయ కూర కథ చదివి చూడండి, సగంమందికి నోరూరుతుంది! కొంచెం పెద్దయ్యాక కంచ ఐలయ్య గారి "టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్" ఇవ్వండి. నవయాన వాళ్లు 2007లో వేశారు, దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు. కుమ్మరి, చాకలి, మంగలి, తోలుపని, ఏ పనిలో ఎంత తెలివుందో అందులో ఉంటుంది.

శ్రోత: మరి ఇవాళ పాప అడిగిన దానికి ఏం చెప్పమంటారు?

అతిథి: నిజం చెప్పండి. మన కులం ఇదీ, దానివల్ల మనకి కొన్ని సుఖంగా దొరికాయి, ఇంకొకరికి దొరకలేదు, అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంలో రద్దు చేసింది అని. తేలిక మాటల్లో చెప్తే మూడో తరగతి పిల్లకి అర్థమవుతుంది. చెప్పే ముందు ఆ గ్లాసు మార్చండి. లేకపోతే "మరి మన ఇంట్లో ఎందుకు నాన్నా" అంటుంది.

యాంకర్: మేడమ్ మొహమాటపడే రకం కాదని శ్రోతలకి ఈపాటికి అర్థమై ఉంటుంది. యాకుత్‌పురా నుంచి?

శ్రోత: సలాం మేడమ్. మా బిడ్డ ఆరో తరగతి. మస్తు సదువుతది. కానీ దాని కథల పుస్తకాలల్ల మా పేర్లు ఎప్పుడొస్తయంటే రంజాన్‌కే. షీర్ ఖుర్మా గిన్నె పట్టుకొని పక్కింటికి పోయే పిల్ల. ఇగ అంతే. "అమ్మీ, మనం ఆ నెల ఒక్కటే ఉంటమా?" అంటది.

అతిథి: అరె, ఆ పిల్ల మాకు ట్రైనింగ్ క్లాసు చెప్పొచ్చు! రుడీన్ సిమ్స్ బిషప్ అని అమెరికాలో ఒక ప్రొఫెసర్ 1990లో ఇదే రాసింది. పుస్తకం కొందరు పిల్లలకి అద్దం, కొందరికి కిటికీ అని. కొందరికి అన్నీ అద్దాలే, వేరేవాళ్ల ఇల్లే కనపడదు. ఇంకొందరికి అన్నీ కిటికీలే, వాళ్ల ముఖమే కనపడదు. పండగ పాఠమైతే రెండూ కాదమ్మా. వచ్చి ఫొటో దిగి పోయినట్టుంటది. సైకిల్ పంక్చరైన ఆయేషా కావాలె, గాలిపటానికి కొట్లాడే ఇమ్రాన్ కావాలె, పండగ ఊసే లేకుండా.

శ్రోత: టీచరుకు చెప్తే ఏమనుకుంటరో అని...

అతిథి: ఫిర్యాదు లెక్క చెప్పకుండ్రి. "నేనొచ్చి ఒక కథ చెప్తా" అనుండ్రి. మీ అమ్మమ్మ చెప్పిన కథ, ఉర్దూల మొదలువెట్టి తెలుగుల ముగించినా సరే. కానీ రంజాన్‌ల పోవద్దు. ఆగస్టుల పోండ్రి, సెప్టెంబర్ల పోండ్రి.

యాంకర్: పటాన్‌చెరు నుంచి ప్రధానోపాధ్యాయులు. క్లుప్తంగా సార్.

శ్రోత: మా ప్రాథమిక పాఠశాలలో ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు ఎక్కువ. ఒడియా, హిందీ మాట్లాడతారు. తెలుగు రాదు. వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటారు. పుస్తకాలకు నిధులు అంతంతమాత్రం.

అతిథి: స్టోరీవీవర్ తెరవండి సార్. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టిన వెబ్‌సైటు, ఉచితం, ప్రింటు తీసుకోవచ్చు. ఒకే కథ ఒడియాలో, హిందీలో, తెలుగులో దొరికేవి ఏరుకోండి. ముందు ఒడియా పిల్ల తన భాషలో గట్టిగా చదవాలి, తెలుగు పిల్లలు బొమ్మలు చూసి కథ ఊహించాలి. ఆ తర్వాతే తెలుగు. ఆ పది నిమిషాలు అర్థంకాక దిక్కులు చూసేది ఎవరో మీరే గమనించండి. మాటల్లేని బొమ్మల పుస్తకాలు కూడా పెట్టండి. కొనాలంటే తార్నాకలో మంచి పుస్తకం వాళ్లున్నారు, నేషనల్ బుక్ ట్రస్టు పుస్తకాలున్నాయి, ధర తక్కువే. కొన్నవి మాత్రం బీరువాలో పెట్టి తాళం వేయకండి సార్, చిరిగితే చిరగనివ్వండి. ఆడిట్లో నేను కూడా సమాధానం చెప్పుకున్నదాన్నే, ఏమీ కాలేదు.

యాంకర్: చివరి కాల్. అంబర్‌పేట. గొంతు చిన్నగా ఉంది, ఎన్నో తరగతి అమ్మా?

శ్రోత: ఏడు. మేడమ్, నాకొక డౌటు. మా సార్ సదివే కథలల్ల పేదోళ్ల పిల్లలు లాస్టుకు ఫస్ట్ ర్యాంకు వస్తరు. లేకపోతే కలెక్టర్ అయితరు. రాకపోతే?

అతిథి: నీకెట్ల వస్తయి మార్కులు?

శ్రోత: లెక్కలల్ల నలభై. మా అమ్మది ఇస్త్రీ బండి.

అతిథి: మంచి డౌటు. ర్యాంకు తెచ్చుకుంటేనే మర్యాద ఇస్తం అంటున్నయి ఆ కథలు. నాకూ నచ్చవు. లెక్కలల్ల నలభై వచ్చినా నిన్ను ముందు బెంచీల కూసోవెట్టాలె, నీతోని మంచిగ మాట్లాడాలె. అది నువ్వు సంపాయించుకునేది కాదు, వాళ్లు ఇయ్యాల్సింది. మీ సార్‌కు ఇదే డౌటు అడుగు. కోపం చేస్తే, రేడియోల మేడమ్ అడగమన్నది అని చెప్పు. సరేగానీ, నువ్వైతే ఏం కథ రాస్తవు?

శ్రోత: ఇస్త్రీకొచ్చిన అంగీ జేబుల ఒక చీటీ దొరుకుతది. దాని మీద.

అతిథి: చీటీల ఏమున్నది?

శ్రోత: ఇప్పుడే చెప్తే ఎట్ల మేడమ్!

యాంకర్: వార్తలకి టైమైపోయింది, లైన్లో ఉండమ్మా, అడ్రస్ చెప్తాను, రాసి పంపు. మిగతా కాలర్లు క్షమించాలి, వచ్చేవారం ఇదే సమయానికి.