వాక్యం చివర మనమిచ్చే తీర్పు

పత్రిక డెస్కులో, అంటే విలేకరులు పంపే వార్తలు దిద్దే చోట, చేరబోతున్న మీ అందరికీ నమస్కారం.

తప్పులు దిద్దడం, పొడుగు వాక్యాలు కుదించడం, హెడ్డింగ్ పెట్టడం మీకు ఇప్పటికే నేర్పి ఉంటారు. నేను ఈరోజు ఒక్క చిన్న చోటు గురించే మాట్లాడతాను. వాక్యం చివర వచ్చే క్రియ గురించి.

ఒక నాయకుడు ఏదో మాట్లాడారు. విలేకరి రాసి పంపిన వార్తలో, అంటే మనం కాపీ అనే దానిలో, 'అన్నారు' అని ఉంది. దాన్ని మనం 'స్పష్టం చేశారు' అని మారిస్తే, ఆయన చెప్పింది నిజమేనని ఒప్పుకున్నట్టు. 'వాపోయారు' అంటే జాలిపడ్డట్టు. 'బుకాయించారు' అంటే అది అబద్ధమని మనమే తేల్చేసినట్టు. 'అక్కసు వెళ్లగక్కారు' అని పెడితే, ఆయన విమర్శలో విషయమేమీ లేదని పాఠకుడికి ముందే చెప్పేశాం. ఆయన నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటే. చదివేవాళ్లకు మన చెయ్యి కనబడదు కాబట్టి, జరిగిందే అలా జరిగిందనుకుంటారు.

ఒక్క క్రియతో ఏమవుతుందని అనిపించవచ్చు. ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. 150 మందికి కార్ల ప్రమాదం ఫిల్మ్ చూపించారు. వాళ్లలో 50 మందిని, కార్లు 'తగిలినప్పుడు' ఎంత వేగంలో ఉన్నాయని అడిగారు. మరో 50 మందికి అదే ప్రశ్న వేశారు కానీ, 'తగిలినప్పుడు' అనే చోట 'బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు' అనే అర్థమున్న క్రియ వాడారు. మిగతావాళ్లను వేగం గురించి అడగలేదు. వారం తర్వాత అందరినీ పిలిచి, పగిలిన అద్దం చూశారా అని అడిగారు. ఫిల్మ్‌లో అద్దం పగలనే లేదు. మొదటి 50 మందిలో ఏడుగురు చూశామన్నారు. రెండో 50 మందిలో 16 మంది చూశామన్నారు. వాళ్లు కళ్లారా చూసిన దాన్నే ఒక్క క్రియ అంత మార్చగలిగితే, ఏమీ చూడకుండా పొద్దున్నే మన పేపర్ చదివే మనిషి సంగతి ఏమిటి?

ఇంగ్లిష్ డెస్కుకు లేని బరువు మనకు ఇంకొకటి ఉంది. మన క్రియకు గౌరవం ఉంటుంది, అగౌరవమూ ఉంటుంది. మంత్రి 'అన్నారు', కూలీ 'అన్నాడు'. మహిళా అధికారి 'తెలిపారు', బాధితురాలు 'తెలిపింది'. నిన్నటి దాకా 'ఆయన'గా ఉన్న మనిషి అరెస్టయిన సాయంత్రానికి 'అతడు' అయిపోతాడు. కోర్టు ఇంకా కేసు ముట్టుకోనే లేదు, మన వ్యాకరణం శిక్ష వేసేసింది.

నేను డెస్కులో కొత్తగా ఉన్నప్పుడు, ఒక ఉద్యోగిని దొంగతనం కేసులో అరెస్టు చేశారన్న వార్త నా దగ్గరకు వచ్చింది. విలేకరి 'ఆయన' అని రాశారు. నేను వరసగా 'అతడు' అని మార్చుకుంటూ పోయాను. ఎవరూ మార్చమనలేదు, చెయ్యి దానంతట అదే మార్చింది. రెండేళ్లకు కోర్టు ఆయన్ను నిర్దోషి అని వదిలేసింది. ఆ వార్తా నేనే దిద్దాను. అందులోనూ 'అతడు' అనే ఉంచాను. మర్నాడు ఆయన డెస్కుకు ఫోన్ చేశారు. "కోర్టు వదిలేసింది కదా సార్, మీరింకా నన్ను వాడూ వీడూ అంటారేంటి?" అని అడిగారు. 'వాడు' అనలేదండీ, 'అతడు' అన్నాం అని జవాబిచ్చాను. ఆ జవాబు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేరం చేసినవాడికి కూడా గౌరవమా అని సీనియర్లే మిమ్మల్ని అడుగుతారు. పరిచయం లేని పెద్దవాళ్లతో మనం 'మీరు' అనే కదా మాట్లాడతాం. పత్రికకు వార్తలోని మనుషులంతా అలాంటివాళ్లే. అందరికీ 'అన్నారు' వాడితే ఎవరినీ నెత్తిన పెట్టుకున్నట్టు కాదు. కనీసం ఒకే వార్తలో ఇద్దరికి రెండు రకాలు ఉండకూడదు.

మనుషులకు తగిలించే పేర్లదీ ఇదే తంతు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2013 ఏప్రిల్‌లో తన శైలి నియమాలు మార్చింది. 'అక్రమ' అనే మాట పనికి వాడవచ్చు గానీ మనిషికి తగిలించవద్దని చెప్పింది. అంటే అక్రమంగా వలస రావడం అని రాయవచ్చు, 'అక్రమ వలసదారు' అని రాయకూడదు. తీర్పు రాకముందే 'హంతకుడు' అని పెట్టే మన హెడ్డింగులకు కూడా ఇదే కొలత సరిపోతుంది.

అలాగని అన్ని మాటలనూ మెత్తగా చేసేయమని నేను చెప్పడం లేదు. మెత్తని మాట కూడా ఒక పక్షం తీసుకుంటుంది. నిధులు కాజేశారని కోర్టు తేల్చాక కూడా 'అవకతవకలు' అని రాస్తే, అది కాజేసినవాళ్లకు చేసే సాయం. 'కాల్పుల్లో ముగ్గురు మృతి' అనే హెడ్డింగ్ చూడండి. కాల్చిందెవరో కాపీలో స్పష్టంగా ఉంటుంది, హెడ్డింగ్‌లోకి మాత్రం రారు. స్థలం చాలలేదంటాం. కానీ అదే స్థలంలో 'ఘోరం' అనే మాట పట్టేస్తుంది.

చివరి పేజీ పంపే టెన్షన్‌లో ఇవన్నీ ఎవరు చూస్తారని మీరు అడగవచ్చు. నేను చేసేది చెబుతాను. ముందు క్రియల కింద మాత్రమే గీతలు గీస్తాను. ఒక పార్టీ వాళ్లంతా 'అన్నారు', రెండో పార్టీ వాళ్లంతా 'రంకెలేశారు' అని కనిపిస్తే, పేర్లు తారుమారు చేసి మళ్లీ చదువుతాను. అప్పుడు ఏ వాక్యం చెవికి ఎబ్బెట్టుగా తగిలితే దాన్ని మారుస్తాను. రెండు నిమిషాల పని.

మీ ముందున్న రెండు కాపీలూ ఒకే సభ మీద రాసినవి, పేర్లు తీసేశాను. పెన్నులు తీయండి. ముందు క్రియల కింద గీతలు గీయండి, తర్వాత మాట్లాడుకుందాం.