డిశ్చార్జి బుక్‌లో లేని స్టార్

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకూ, సర్పంచ్ గారికీ, మండలం నలుమూలల నుంచీ వచ్చిన నాతోటి మాజీ సైనికులకూ, వాళ్ల ఇల్లాళ్లకూ, పొద్దుటి నుంచీ ఎండలో వరసగా నిలబడ్డ బడిపిల్లలకూ, వాళ్లను తీసుకొచ్చిన మాస్టార్లకూ పేరుపేరునా దండాలు. ఎవరినైనా మరిచిపోతే పెద్దమనసుతో మన్నించాలి.

ఈరోజు డిసెంబర్ 7. సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచీ ఏటా ఈ తేదీన చిన్న జెండా మన చొక్కాకి గుచ్చి విరాళం అడుగుతారు. ఆ డబ్బు అమరుల కుటుంబాలకీ, దెబ్బతిన్న జవాన్లకీ, మాలాంటి పాతవాళ్ల సంక్షేమానికీ వెళ్తుంది. పిల్లలు డబ్బాలు పట్టుకుని మీ మధ్యకి వస్తారు, చేతనైనంత వేయండి. నన్ను మాట్లాడమన్న విషయం ఇదే. కార్యకర్తలు రాసిచ్చిన కాగితం కూడా నా జేబులో ఉంది. కానీ ఇంతమంది ఫౌజీలు ఒక్కచోట మళ్లీ ఎప్పుడు దొరుకుతారో తెలియదు. అందుకని ఆ కాగితం జేబులోనే ఉంచి, నా మనసులో ఉన్నది చెప్పుకుంటాను.

మా మావయ్య గురించి చెప్పాలి. మా అమ్మకి తమ్ముడు. 1964 జనవరిలో బెంగళూరు వెళ్లి మద్రాస్ శాపర్స్ అనే ఆర్మీ ఇంజనీర్ల దళంలో చేరాడు. ఆర్మీలో ఆ మనుషుల్ని ‘తంబీ’లు అంటారు. వంతెన కట్టాలన్నా, దారి వేయాలన్నా, శత్రువు పాతిన మైన్లు, అంటే మందుపాతరలు, ఏరాలన్నా తంబీలే. యుద్ధంలో అందరూ మైన్లు లేని దారి కోసం చూస్తారు. శాపర్ మైన్లున్న చోటికే వెళ్తాడు, తన వెనక వచ్చేవాళ్లకి దారి కావాలి కాబట్టి.

1971 డిసెంబర్ 3న యుద్ధం మొదలైంది. మావయ్య కంపెనీ పడమటి సరిహద్దులో శకర్‌గఢ్ వైపు ఉంది. బసంతర్ నది పేరు విన్నారుగా. సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్‌కి పరమవీర చక్ర వచ్చింది అక్కడే, డిసెంబర్ 16న. ఆయన ట్యాంకు ముందుకి వెళ్లిందంటే అంతకుముందు ఎవరో మైన్లు తీసి దారి చేయబట్టే కదా. ఆ సెక్టార్‌లో మైన్లలో దారులు తెరిచే పనికి ముందు నిలబడి ప్రాణాలిచ్చిన ఇంజనీర్ మేజర్ విజయ్ రతన్ చౌధరికి మహావీర చక్ర ఇచ్చారు. మేజర్ గారి పేరు పుస్తకాల్లో ఉంది, ఉండి తీరాలి. ఆ వరుసలో పొట్ట మీద పాక్కుంటూ పోయిన తంబీలు ఎంతమందో. అందులో మా మావయ్య ఒకడు.

ఎలా తీసేవాడివి మావయ్యా అని చిన్నప్పుడు అడిగేవాణ్ని. ఇనుప కడ్డీ ఏటవాలుగా పట్టుకుని మట్టిలోకి మెల్లగా దించాలట. నిటారుగా పొడవకూడదు, పొడిస్తే కడ్డీ వెళ్లి మైను నెత్తిన తగులుతుంది. గట్టిగా ఏదైనా తగిలితే ఆగి, వేళ్లతో మట్టి తోడాలి. అయిన దారికి రెండు పక్కలా తెల్ల నాడా పరుచుకుంటూ పోవాలి. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే చంకలో పెట్టుకుని వెచ్చబెట్టుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లట. పక్కన పాకుతున్నవాడికి పేలింది. మావయ్య ఎడమ పిక్కలోకి ముక్కలు దిగాయి. ఫౌజు నుంచి వచ్చాక ముప్ఫై ఏళ్లు మా ఊళ్లో వ్యవసాయం చేశాడు కదా, చీకటి పడ్డాక పొలంగట్టు మీద నడిస్తే చేతికర్రని ఏటవాలుగా ముందు ఆనించి, ఆ తర్వాత అడుగు వేసేవాడు. పాముల భయం అనుకునేవాళ్లు ఊళ్లోవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను, నేను ఫౌజులో చేరేదాకా.

1979లో పెన్షన్ మీద ఇంటికి వచ్చాడు. ఫౌజు నుంచి దిగేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్‌లో, మెడల్స్ రాసే పేజీలో ఆయనకి నాలుగు పేర్లున్నాయి. 1965 రక్షా మెడల్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్య 25వ వార్షికోత్సవ మెడల్, తొమ్మిదేళ్ల సర్వీసు మెడల్. అంతే. పశ్చిమీ స్టార్ లేదు. గాయపడినవాళ్లకిచ్చే వూండ్ మెడల్ లేదు.

1971లో తూర్పు యుద్ధక్షేత్రంలో ఉన్నవాళ్లకి పూర్వీ స్టార్, పడమట ఉన్నవాళ్లకి పశ్చిమీ స్టార్. అక్కడ ఒక్కరోజు ఉన్నా చాలు, అర్హత వచ్చినట్టే. ఒక్కరోజు! పిక్కలో ఇనుప ముక్కలు మోసుకుంటూ బతికిన మనిషికి ఆ ఒక్కరోజు కాగితం మీద లేదు.

ఎందుకు లేదో నేను చెప్పగలను, ఎందుకంటే నేను క్లర్కుని. ఇరవై నాలుగేళ్లు ఆర్మీలో క్లర్కుగా చేసి హవల్దార్‌గా దిగాను. యుద్ధం జరిగింది 1971లో. ఆ స్టార్లు ప్రకటించింది 1973లో. అప్పుడు ఒక్కో యూనిట్ తన దగ్గరున్న మనుషుల పేర్లతో పట్టీ కట్టి పంపింది. మావయ్య గాయపడగానే ఆసుపత్రికి పోయాడు, యూనిట్ జాబితాలోంచి ఆయన పేరు కొట్టేశారు. ఆసుపత్రి నుంచి వేరే యూనిట్‌కి పంపారు, అది పంజాబ్‌లో ఉంది. అందుకే సంగ్రామ్ మెడల్ పట్టీలో కొత్త యూనిట్ వాళ్లు ఆయన పేరు రాశారు. పశ్చిమీ స్టార్ పట్టీ పాత యూనిట్ కట్టింది, అక్కడ ఆయన లేడు. పాతవాళ్లు కొత్తవాళ్లు రాస్తారనుకున్నారు. కొత్తవాళ్లు పాతవాళ్లు రాసే ఉంటారనుకున్నారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. నష్టం మాత్రం మనిషికి జరిగింది.

ఫౌజులో మనిషికి ఏం జరిగినా పార్ట్ టూ ఆర్డర్ అనే ఉత్తర్వులో అచ్చవ్వాలి. పెళ్లయినా, బిడ్డ పుట్టినా, బదిలీ అయినా, గాయమైనా, మెడల్ వచ్చినా. అందులో పడనిది రికార్డ్స్‌కి, అంటే రికార్డ్ ఆఫీసుకి, చేరదు. రికార్డ్స్‌కి చేరనిది జరగనట్టే లెక్క.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు మా యూనిట్ జమ్మూ వైపు ఉంది. తర్వాత ఆ యుద్ధానికిచ్చిన ఆపరేషన్ విజయ్ మెడల్‌కి పట్టీ టైపు చేసింది నేనే. ఒక జవాను తండ్రి పోయాడని సెలవు మీద వెళ్లి, అటునుంచటే బదిలీ అయిపోయాడు. ఆయన పేరు వదిలేశాను. ఏడాది తర్వాత పాత ఫైలు తిరగేస్తుంటే కనబడింది. అప్పుడు రాసి పంపాను, సరిచేశారు. కనబడకపోతే? ఆయన ఒక్క ఉత్తరం కూడా రాయలేదండీ. అడగడం నామోషీ అనుకున్నాడు. మావయ్యా అంతే. “ఇచ్చేవాళ్లకి తెలీదేంట్రా, నేను అడుక్కోవాలా?” అనేవాడు. ఆ ఒక్కమాట వల్ల ఇరవై ఏళ్లకు పైగా పోయాయి.

నేను దిగి వచ్చాక బలవంతంగా సంతకం పెట్టించి అర్జీ పంపాను. జవాబు వచ్చింది. “మీ సర్వీసు పత్రాల్లో సదరు పతకం నమోదై లేనందున అర్హత లేదు.” నమోదై లేదనే కదా నమోదు చేయమని అడిగింది! మళ్లీ రాశాను. మళ్లీ అదే. రికార్డులో లేదు. మరో ఆఫీసుకి వెళ్తే అక్కడ బల్ల వెనక కూర్చున్న చిన్నవాడు, మర్యాదగానే, “దీనికి డబ్బేమీ రాదు కదండీ, ఎందుకింత తిరుగుతున్నారు?” అన్నాడు. మావయ్య నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. బయటికొచ్చి బస్టాండు దాకా నడిచాం. సోడా ఇప్పిస్తే సగం తాగి వదిలేశాడు. మళ్లీ నాతో ఏ ఆఫీసుకీ రాలేదు.

ఆ అబ్బాయి మాటకి ఈ వేదిక మీద జవాబు చెబుతాను. స్టార్‌కి డబ్బు రాదు, నిజమే. కానీ గాయం యుద్ధంలో అయిందని రికార్డు చెబితే అది వార్ ఇంజురీ పెన్షన్. చెప్పకపోతే మామూలు డిసబిలిటీ పెన్షన్. రెండింటికీ చాలా తేడా ఉందని ఇక్కడున్న పింఛనుదారులకి నేను చెప్పక్కర్లేదు. అది పక్కన పెట్టండి. డబ్బు అసలు రాదనే అనుకుందాం. ఒక మనిషి ఫలానా రోజున ఫలానా చోట దేశం కోసం నేల మీద పాకాడని ప్రభుత్వం చెప్పే చోటు ఆ ఒక్క పేజీయే. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు, ఇంటింటికీ సైనికుడున్న ఊరని రాష్ట్రమంతా చెప్పుకుంటుంది. ఊరికి పేరొచ్చింది, సంతోషం. మన ఊళ్లో గోడలకి దండలేసున్న ఆ ఫోటోల్లో మనుషుల పేజీలు నిండుగా ఉన్నాయా? ఎవరైనా చూశారా?

సాక్ష్యం ఎక్కడ దొరికిందో వినండి. మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో. ఆవిడ పట్టుచీర మడతల్లో, పసుపు అంటిన గుడ్డలో చుట్టి ఒక టెలిగ్రాం. కుమారుడు గాయపడ్డాడు, ఆసుపత్రిలో ఉన్నాడు అని. నంబరు, ర్యాంకు, పేరు, తేదీ. ఆ టెలిగ్రాం చదివి చెప్పడానికి పోస్ట్‌మన్ మా వీధి అరుగు మీద ఎంతసేపు తటపటాయించాడో మా అమ్మ చెప్పేది. ఆ కాగితం నకలూ, ఆసుపత్రి చీటీ నకలూ జతచేసి, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి, ఆ కాలపు పార్ట్ టూ ఆర్డర్ల నకళ్లు అడిగాను. గాయపడినట్టు పార్ట్ టూ ఆర్డర్ ఉంది! 1972 మొదట్లో అచ్చయింది. రికార్డులో లేదు లేదన్నది రికార్డులోనే ఉంది, తెరిచి చూసినవాళ్లు లేరు.

దాని మీద మళ్లీ అర్జీ పెట్టాం. పశ్చిమీ స్టార్ నమోదు చేశామని ఉత్తరం వచ్చింది. మావయ్య పోయి అప్పటికి ఏడు నెలలు.

తర్వాత కొన్నాళ్లకి చిన్న పార్సిల్. మా అత్తయ్య చదువుకోలేదు. ఐదు కోణాల కంచు స్టార్ చేతిలో పెడితే తిప్పి చూసింది. వెనక చెక్కిన అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే పైకి చదివింది. ఇంగ్లీషు అంకెలు నీకెలా వచ్చత్తయ్యా అంటే, “ఆయన నంబరు ఎన్ని ఇన్లాండ్ లెటర్ల మీద రాయించానురా, 56 ఏపీవో అని ఆర్మీ పోస్టాఫీసు అడ్రసు చివర” అంది. మొగుడి నంబరు ఆవిడ నోటికి వచ్చు. వూండ్ మెడల్ అర్జీ ఇంకా నడుస్తోంది. మొన్న శుక్రవారం కూడా పోస్టులో పంపాను.

టైమైందని సైగ చేస్తున్నారు. రెండు నిమిషాలు. ఇది మాత్రం చెప్పనివ్వండి, దీనికోసమే వచ్చాను.

పెన్షన్ లేకుండా దిగినవాళ్లు జాగ్రత్తగా వినండి. మీ సర్వీసు కాగితాలు 25 ఏళ్లు దాటితే నిబంధన ప్రకారం నాశనం చేస్తారు. లాంగ్ రోల్ అనే రిజిస్టర్‌లో వివరాలు కొద్దిగా మిగులుతాయి, అంతే. కాబట్టి దిగి 25 ఏళ్లు కావస్తున్నవాళ్లు ఈ నెలలోనే చూసుకోండి. మెడల్స్ పేజీ తెరవండి. మీరెక్కడెక్కడ పనిచేశారో ఒక తెల్లకాగితం మీద ఏళ్ల వారీగా రాయండి. సియాచిన్ ఎక్కారా, కార్గిల్‌లో ఉన్నారా, ఈశాన్యంలో ఉన్నారా. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే మీ రికార్డ్ ఆఫీసుకి రాయాలి. శాపర్లకి బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, మరమ్మతులు చూసే ఈఎంఈకీ, సామగ్రి చూసే ఆర్డ్‌నెన్స్‌కీ మన సికిందరాబాదే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే నకలు వాళ్ల దగ్గరా ఉంటుంది. అసలు పుస్తకం పోస్టులో ఎప్పుడూ పంపకండి, జిరాక్సే పంపండి. లామినేషన్ చేయించకండి, దయచేసి! ప్లాస్టిక్ అతికాక అందులో కొత్త ఎంట్రీ వేయడానికి చోటుండదు.

పేరు కూడా సరిచూసుకోండి. మనకి ఇంటిపేరు ముందు, అక్కడివాళ్లకి చివర. భర్తీ రోజున ఎవరో విన్నది విన్నట్టు రాస్తారు. అప్పారావు ఒకచోట ఒక్క మాట, ఇంకోచోట రెండు ముక్కలు, మూడోచోట అప్పలరావు. ఆధార్‌లో ఒకటి, డిశ్చార్జి బుక్‌లో ఒకటి. అర్జీలో నంబరు ముందు రాయండి, పేరు తర్వాత. ఫౌజులో పేరు తప్పినా నంబరు తప్పదు.

పిల్లలూ, మీకు ఒక పని. ఇవాళ సాయంత్రం ఇంటికెళ్లి తాతగారి పెట్టె తెరవమనండి. టెలిగ్రాంలు, ఆసుపత్రి చీటీలు, యూనిట్‌లో తీసిన ఫోటో వెనక రాసిన తేదీలు, ఏది కనబడినా పారేయకండి. చెదలు పట్టినా సరే, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టండి.

సభ అయ్యాక ఆ వేపచెట్టు కింద బల్ల వేయించాను. తెల్లకాగితాలు, కార్బన్లు, పెన్నులు తెచ్చాను. నా బస్సు సాయంత్రం ఐదున్నరకి, అప్పటిదాకా ఉంటాను. రూపాయి ఇవ్వక్కర్లేదు. మనిషి పోయినా ఇల్లాలు అర్జీ పెట్టుకోవచ్చు, ఆ పైన పిల్లలు పెట్టుకోవచ్చు.

అదిగో, చివరి వరసలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దమ్మగారూ, మీరే. పుస్తకం తెచ్చారా? తేలేదా? పర్వాలేదమ్మా. మీ ఆయన నంబరు గుర్తుందా? చెప్పండి, రాసుకుంటాను.