జరిగింది చెప్పనివ్వండి

అందరికీ నమస్కారం.

కథ చెప్పడం అనగానే చాలామందికి వేదిక, మైకు, గొంతు సవరించుకుంటున్న కళాకారుడు గుర్తొస్తారు. ఇవాళ నేను వాళ్ల జోలికి పోవడం లేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే "ఇవాళ ఏమైందో తెలుసా?" అని మొదలుపెట్టే మనిషి ఉంటాడే, అతని గురించే నా మాటలన్నీ. అతన్ని మనం తక్కువగా చూస్తాం. కబుర్లరాయుడు అని పేరు కూడా పెడతాం.

1980లలో జూలియన్ ఓర్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు ఇలాంటి కబుర్లరాయుళ్ల వెంటే తిరిగాడు. వాళ్లు జిరాక్స్ కంపెనీ మెషిన్లు బాగుచేసే మెకానిక్‌లు. ఏ ఎర్రర్ కోడ్ వస్తే ఏం చెయ్యాలో వరసగా రాసి కంపెనీ వాళ్లకి మాన్యువల్ ఇచ్చింది. మెషిన్లు మాత్రం ఆ పుస్తకం చదవలేదు. పైకి ఒక ఎర్రర్ చూపించి, లోపల ఇంకేదో చెడిపోయేది. అలాంటి మొండి మెషిన్ ముందు ఇద్దరు మెకానిక్‌లు నిలబడి ఏం చేసేవాళ్లో ఓర్ దగ్గరుండి చూశాడు. కథలు చెప్పుకునేవాళ్లు! "ఫలానా చోట కూడా ఇలాగే కోడ్ వచ్చింది, బోర్డు మార్చాను, తగ్గలేదు, తీరా చూస్తే..." అని ఒకరు. "అయితే ఇది అది కాదు, నాకు వచ్చినప్పుడు వాసన కూడా వచ్చింది" అని ఇంకొకరు. ఇలా ఒక్కో పాత కథను ఎదురుగా ఉన్న మెషిన్ పక్కన పెట్టి చూసుకుంటూ, గంటలు పట్టినా చివరికి అసలు లోపం పట్టుకునేవాళ్లు. ఆ తర్వాత అదే ఒక కొత్త కథయ్యేది. భోజనాల దగ్గర మిగతావాళ్ల చెవిన పడేది.

నాకు ఇందులో నచ్చింది ఒకటుంది. మాన్యువల్‌లో దారి తప్పడం ఉండదు. కథలో సగం దారి తప్పడమే. ముందు ఏమనుకున్నాం, ఎక్కడ బోల్తాపడ్డాం, ఏ చిన్న గుర్తు చూసి వెనక్కి తిరిగాం అన్నవి రాతలో కొట్టేస్తాం, నోటితో చెప్పేటప్పుడు వదలం. పని నేర్చుకునేవాడికి కావాల్సింది సరిగ్గా అవే. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి ట్రైనింగ్ ఫైళ్లు ఎన్ని ఇచ్చినా, పక్క సీటు సీనియర్ టీ తాగుతూ చెప్పిందే గుర్తుండిపోవడానికి కారణం ఇదే అంటాను.

ఇప్పుడు దీనికంటే చాలా పెద్ద విషయం చెప్తాను. ఇండోనేషియాలో సుమత్రాకి పడమరగా సిమెలు అనే దీవి ఉంది. 1907లో అక్కడ భూకంపం వచ్చి, వెనకే సునామీ వచ్చి చాలామందిని పొట్టన పెట్టుకుంది. బతికినవాళ్లు పిల్లలకి చెప్పారు, ఆ పిల్లలు మనవలకి చెప్పారు. ఆ అలనీ, దాని కథనీ వాళ్లు స్మాంగ్ అనే అంటారు. అందులో పెద్ద రహస్యమేం లేదు. నేల గట్టిగా ఊగిందా, ఆ తర్వాత సముద్రం వెనక్కి పోయిందా, ఇక దేనికోసమూ ఆగకుండా కొండెక్కాలి. 2004 డిసెంబరు 26న సరిగ్గా అలాగే జరిగింది. భూకంప కేంద్రం దగ్గరే కాబట్టి దీవి ఉత్తర తీరానికి అల చేరడానికి పట్టు మని పది నిమిషాలు కూడా పట్టలేదు. సైరన్ లేదు, ఫోన్‌లో మెసేజ్ లేదు. జనం "స్మాంగ్, స్మాంగ్" అని అరుచుకుంటూ కొండలెక్కేశారు. సుమారు 78 వేల జనాభాలో చనిపోయింది ఏడుగురు. అదే రోజు సుమత్రా తీరంలో, ఆ కథ తెలియని ఊళ్లు ఊళ్లకే తుడిచిపెట్టుకుపోయాయి.

97 ఏళ్ల పాటు ఆ మాట ఎవరూ ఎక్కడా బోర్డు మీద రాసి వేలాడదీయలేదు. ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతూ వచ్చారు, అంతే.

అలాగని నోటి మాటకి హారతి పట్టమని నేను అనను. చెప్పే కథ మారిపోతుంది. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వవేత్త ఇంగ్లండులో కొందరికి తమకి బొత్తిగా పరిచయం లేని ఒక అమెరికా ఆదివాసీ కథ ఇచ్చి, తర్వాత గుర్తున్నంత చెప్పమన్నాడు. ఆ ఫలితాలు 1932లో అచ్చయ్యాయి. వాళ్ల నోట్లో దోనెలు పడవలయ్యాయి, సీల్ వేట చేపల వేటయింది, అర్థం కాని ముక్కలు జారిపోయాయి. ఎవరూ కావాలని అబద్ధం ఆడలేదు. తమకి తెలిసిన లోకంలోకి కథని సర్దుకున్నారు. పుకారు పుట్టేదీ ఇలాగే. మరి స్మాంగ్ ఎందుకు చెడిపోలేదు? నాకు తోచింది చెప్తాను. విన్నవాళ్లలో ఆ కథ ముందే తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. తప్పు చెబితే "కాదు, అలా కాదు" అనే నోరు పక్కనే ఉంది. పుకారుకి ఆ పక్క మనిషి ఉండడు.

అందుకే నేను చెప్పేవాడి కంటే వినేవాడి మీదే ఎక్కువ బరువు పెడతాను. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో డాక్టర్ల దగ్గర పేషెంట్లు మాట్లాడిన 74 సందర్భాల రికార్డింగులు విన్నారు. పేషెంటు తన బాధ మొదలుపెట్టాక డాక్టరు మధ్యలో అడ్డుతగలడానికి సగటున పట్టిన సమయం 18 సెకన్లు. "మొన్న రాత్రి మెట్లెక్కుతుంటే..." అనగానే "జ్వరం ఉందా, లేదా?" అంటే ఇక ఆ మెట్ల సంగతి బయటికి రాదు. ఒక్కోసారి రోగం ఆ మెట్ల మీదే ఉంటుంది. డాక్టర్లని అని లాభం లేదు, ఇంట్లో మనం 18 సెకన్లు కూడా ఆగం. ఫోన్ చూస్తూ "పాయింట్‌కి రా" అంటాం.

పిల్లల దగ్గర ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. జరిగినవాటి గురించి తల్లులు పిల్లలతో ఎలా మాట్లాడతారో రాబిన్ ఫివుష్, ఎలేన్ రీస్ లాంటి మనస్తత్వవేత్తలు ఏళ్ల తరబడి గమనించారు. "గుర్తుందా? ఎవరొచ్చారు? ఎవరొచ్చారు చెప్పు?" అని పరీక్ష పెట్టే తల్లుల కంటే, పిల్లవాడు అన్న ముక్కని అందుకుని ఇంకాస్త కలిపి "అవును, తడిసిపోయాం కదా, అప్పుడు నువ్వేం చేశావ్?" అని పొడిగించే తల్లుల పిల్లలు జరిగినదాన్ని వివరంగా చెప్పగలిగారు.

రేపు సాయంత్రం ప్రయత్నించి చూడండి. "స్కూల్ ఎలా జరిగింది?" అంటే "బాగానే" అని వస్తుంది, కథ అక్కడికి కంచికి. దాని బదులు "ఇవాళ నీ పక్కన ఎవరు కూర్చున్నారు నాన్నా?" అనండి. "ఎవరూ లేరు, మార్చేశారు." "అదేంటి, ఎందుకు మార్చారు?" ఇక్కడ ఒక క్షణం ఆగుతాడు. మీరూ ఆగండి. తొందరపడి "నువ్వేదో అల్లరి చేసుంటావ్" అనకండి. వాడు చెప్పడం మొదలుపెట్టాక మీరు చెయ్యాల్సింది ఊ కొట్టడం, మధ్యలో "ఆ తర్వాత?" అనడం. వాడు అటూ ఇటూ తిరుగుతాడు, రబ్బరు పోయిన సంగతి చెప్తాడు, ఎవరో నవ్విన సంగతి చెప్తాడు. తిరగనివ్వండి.